మా బొల్లావుకు పొదుగువాపు: రాఖీ నుంచి బతుకమ్మ దాకా

2025 ఆగస్టు 4, సోమవారం. తెల్లవారుజామున పాలు పిండుతుంటే బొల్లావు కాలు విసిరింది. సగం నిండిన బకెట్ బోర్లా పడింది. రెండేళ్లలో ఆ ఆవు నా మీద కాలెత్తడం అదే మొదటిసారి. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ఎడమ వెనక చన్ను మీద కందిగింజంత పొక్కులు మూడు కనిపించాయి. ఒకటి అప్పటికే పగిలి ఎర్రగా ఉంది.

మాది నార్కట్‌పల్లి దగ్గర పల్లె. మూడు ఆవులు, రెండు బర్రెలు. బొల్లావు హెచ్ఎఫ్ క్రాస్, అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతితో కలిపిన సంకర ఆవు. మహిళా సంఘం లోన్ తీసుకుని 72 వేలకు కొన్నాం. జూలై 10న రెండో ఈత ఈనింది, ఆడదూడ. పొద్దున తొమ్మిది, సాయంత్రం ఏడు, రోజుకు పదహారు లీటర్లు ఇచ్చేది. లోన్ కిస్తీ దాని పాలతోనే వెళ్లిపోయేది.

పొక్కులు చూసి మా అత్తమ్మ, "అమ్మవారు పోసిందే, సూదులు గీదులు వద్దు, వేపాకు పసుపు నూరి పెట్టు" అంది. పెట్టాను. రెండు రోజులకు పొక్కులు పక్కులు కట్టాయి. కానీ నొప్పి ఉన్నట్టుంది, చన్ను ముట్టుకుంటే చాలు ఆవు జరిగిపోతోంది, సరిగ్గా చేపడం లేదు. వచ్చిన కాడికి పిండి లేస్తున్నాం. ఆ చన్నులో రోజూ ఎంతో కొంత పాలు మిగిలిపోతున్నాయని తెలుసు. పక్కులు రాలితే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఆగస్టు 9 శనివారం రాఖీ. దేవరకొండలో మా అన్న వాళ్లింటికి పోయి, ఆదివారం రాత్రి తిరిగొచ్చాను. ఆ రెండు రోజులు మా ఆయన, అత్తమ్మ కలిసి పిండారు. ఆవు తన్నుతోందని ఆ చన్నును దాదాపు వదిలేశారట. వాళ్లను అనడానికి నాకు నోరు రాలేదు, వారం నుంచి నేను చేస్తున్నదీ అదే కదా.

సోమవారం, 11వ తేదీ పొద్దున చెయ్యి వేస్తే ఆ వైపు పొదుగు కాలుతోంది, గట్టిగా బండలా ఉంది. మొదటి నాలుగు ధారలు ఎప్పుడూ నేల మీదకు కొట్టేస్తాను, చూడను. ఆ రోజు అరచేతిలో పట్టి చూశాను. పలచటి నీళ్లలో పెరుగు ముక్కలు తేలినట్టు ఉంది. ముందు రోజు సాయంత్రం పాలు ఇంట్లో ఉంచుకున్న గ్లాసుడు కాస్తే విరిగిపోయాయి. పాల కేంద్రంలో కూడా మా ఆయనతో, "నిన్న మీ ఎస్ఎన్ఎఫ్ 8.4 నుంచి 7.9కి పడిందేంది అన్నా, నీళ్లు గాని కలిపారా?" అని అడిగారట. ఎస్ఎన్ఎఫ్ అంటే పాలలో వెన్న, నీళ్లు కాక మిగిలే గట్టి పదార్థాల శాతం. ఆయన మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. మేం నీళ్లు కలపలేదు. పొదుగువాపు వస్తే ఎస్ఎన్ఎఫ్ పడిపోతుందని ఆ తర్వాత తెలిసింది. రీడింగ్ ఉన్నట్టుండి పడితే ముందు పొదుగు తడిమి చూడండి.

అదే రోజు పక్క ఊర్లో పశువులకు సూదులు వేసే ఆయనను పిలిపించాం. పది నిమిషాల్లో వచ్చాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. రెండు సూదులు వేశాడు, ఆరు వందలు తీసుకున్నాడు. "మూడు రోజులు వేయాలి" అన్నాడు. ఏం మందు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మంగళవారం మళ్లీ వేశాడు, మళ్లీ ఆరు వందలు. బుధవారం పొద్దున పిండితే పాలు తెల్లగా వచ్చాయి! వాపు కూడా కొంచెం మెత్తబడింది. తగ్గింది కదా, ఇంకో ఆరు వందలు ఎందుకని మేమే మూడో రోజు వద్దన్నాం.

ఇంకో సంగతి దాచకుండా చెప్తాను. ఆ 12, 13, 14 తేదీల్లో పాలను కేంద్రానికి పోశాం. ముక్కలున్న చన్ను పాలు పారబోసి, మిగతా మూడు చన్నుల పాలు కేన్‌లో కలిపాం. సూది వేస్తే మందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల పాలల్లోకీ వస్తుందని నాకప్పుడు తెలియదు. తెలియదు అంటున్నాను గానీ, అడిగి ఉంటే తెలిసేదేమో. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

14వ తేదీ గురువారం రాత్రి వాన. కొట్టంలోకి పోతే బొల్లావు మేత ముట్టలేదు, తల వేలాడేసి నిలబడింది. చెవులు చల్లగా ఉన్నాయి. చన్ను పిండితే ఈసారి ముక్కలు కాదు, పసుపు నీళ్లు, అందులో రక్తపు చార. ఆ రాత్రి నేను, మా ఆయన దాని పక్కనే గోనె సంచుల మీద కూర్చున్నాం. దూడ అవతల నుంచి అరుస్తూనే ఉంది. కిస్తీ గురించి ఇద్దరం అనుకుంటూనే ఉన్నాం, పైకి మాత్రం ఎవరం అనలేదు.

తెల్లారితే పంద్రాగస్టు. శుక్రవారం జెండా పండుగ, శనివారం కృష్ణాష్టమి, తర్వాత ఆదివారం. మూడు రోజులు వరసగా సెలవులు. పశువుల దవాఖాన డాక్టర్ సారుకు ఆరున్నరకే భయపడుతూ ఫోన్ చేశాను. విసుక్కోలేదు. "జెండా వందనం కాగానే వస్తానమ్మా. అప్పటిదాకా ఆ చన్నును గంటకోసారి ఖాళీ చేస్తూ ఉండండి. ఏ మందూ వేయించకండి" అన్నారు. పదకొండుంబావుకు వచ్చారు, చొక్కాకు చిన్న జెండా అలాగే ఉంది.

జ్వరం 104.8. మామూలుగా ఆవుకు 101, 102 మధ్య ఉంటుందట. తర్వాత సంచిలోంచి నాలుగు గుంటలున్న తెల్ల ప్లాస్టిక్ పళ్లెం తీశారు. ఒక్కో గుంటలో ఒక్కో చన్ను పాలు కొంచెం పిండి, ఊదారంగు మందు అంతే పోసి గుండ్రంగా తిప్పారు. మూడు గుంటల్లో నీళ్లలాగే తిరిగింది. నాలుగోది తిరగలేదు. కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి గుంటలో ఒకవైపుకు జారింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతకుముందు ఏం సూది వేశారు?" అని అడిగారు. తెలియదన్నాను. "సీసా ఉందా?" లేదన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ రాస్తున్న పెన్ను ఆగింది. నాకు సిగ్గనిపించింది.

ఆ తర్వాత మిగతా పశువుల పాలు కూడా పట్టుకురమ్మన్నారు. వాటికేం లేదు సార్, శుభ్రంగా ఉన్నాయి అన్నాను. మా ఎర్రావు ముందు చన్ను ఒకటి పళ్లెంలో జిగట కట్టింది. ఆ పాలు చూస్తే తెల్లగా, చిక్కగా ఉన్నాయి. వాపు లేదు, జ్వరం లేదు. ఆ పొద్దున మా పిల్లలు తాగింది ఆ పాలే. పైకి కనిపించకుండా లోపల ఉండే రకం ఇదట.

సారు కొట్టం అంతా ఒకసారి చూశారు. మేకుకు వేలాడుతున్న గుడ్డ దగ్గర ఆగారు. "దీంతో ఎన్ని పశువుల పొదుగు తుడుస్తారమ్మా?" ఐదింటికీ అదే. పొద్దున వేడినీళ్లలో ముంచి బొల్లావుకు తుడుస్తాను, పిండి ఎర్రావుకు తుడుస్తాను, బర్రెలకు తుడుస్తాను, మళ్లీ మేకుకు వేస్తాను. శుభ్రంగా ఉంటున్నానన్న గర్వం కూడా ఉండేది ఆ గుడ్డ మీద.

పొక్కుల సంగతి చెప్తే పక్కులు చూసి, అది వైరస్ వల్ల వచ్చింది, దానికి సూది లేదు, తనంతట తనే మానుతుంది అన్నారు. చన్ను మొన దగ్గర పుండు పడింది, నొప్పికి పాలు లోపలే ఉండిపోయాయి, కొట్టంలో తడి, ఆ గుడ్డ, మన చేతులు. బ్యాక్టీరియాకు ఇంకేం కావాలి? పొక్కులు వచ్చిన మొదటి రోజునే ఆ ఆవును ఆఖరున పిండి, ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేసి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదేమో అన్నారు. అప్పుడే అత్తమ్మ తన చూపుడువేలు చూపించింది. ఎర్రగా, గట్టిగా, శనగగింజంత బుడిపె. నొప్పి పెద్దగా లేదని మాకు చెప్పలేదు. పొక్కులున్న చన్నులు పిండేవాళ్లకు చేతికి అలా అంటుకుంటుందట. ఆ చేత్తో వేరే పశువును ముట్టవద్దన్నారు. మనుషుల డాక్టరుకు కూడా చూపించాం, ఆయనా అదే అన్నాడు. ఏ మందూ లేకుండా సెప్టెంబర్ ఆఖరుకు పోయింది. "అమ్మవారిని మొక్కుకోక పోసింది" అని ఆమె ఇప్పటికీ అంటుంది.

మందు వేయకముందే పాల శాంపిల్ తీశారు. చన్ను మొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి మూడు ధారలు పారేసి, చిన్న సీసాలోకి పట్టారు. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. కానీ మూడు రోజులు ల్యాబ్ లేదు. సోమవారం దాకా ఫ్రిజ్‌లో పైన ఐస్ కట్టే అరలో పెట్టమన్నారు. ఐస్ ట్రే పక్కన కవరులో కవరు చుట్టి ఆ సీసా పెట్టాను. మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ చల్లనీళ్లు అడగలేదు.

ఆ రోజు నుంచి సూదులు, నొప్పికి వేరే సూది, సాయంత్రం చన్నులోకి ట్యూబ్. దవాఖానలో ఉన్న మందులు ఊరికే ఇచ్చారు, లేనివి బయట కొన్నాం. ట్యూబ్ ఎక్కించడం సారు ఒకసారి చేసి చూపించారు. చన్నును పూర్తిగా పిండేయాలి, మొన తుడవాలి, సన్నటి ముక్కు కొంచెం మాత్రమే లోపలికి పెట్టి మందు నొక్కాలి. వినడానికి ఇంతే. చేసేటప్పుడు మా ఆయన వెనక కాళ్లకు తాడు పట్టుకుంటే, నేను చెమటలు కక్కాను. మొదటి రోజు సగం మందు నా మోచేతి మీద పడింది.

అన్నిటికంటే కష్టం పాలు పారబోయడం. సూదులు నడిచినన్ని రోజులు, అవి ఆగాక మందు డబ్బా మీద రాసి ఉన్న రోజులు, నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయవద్దు, తాగవద్దు, దూడకు పట్టవద్దు. దూడకు బర్రె పాలు పట్టాం. గుంత తీసి పోసి, మీద సున్నం చల్లమన్నారు. 16వ తేదీ, కృష్ణాష్టమి. వీధిలో పిల్లలు ఉట్టి కడుతున్నారు. అత్తమ్మ బకెట్ తీసుకుని గుంత దాకా పోయి నిలబడిపోయింది. ఆమె చిన్నప్పటి నుంచి పాలు నేల మీద ఒలికితే వేలితో కళ్లకద్దుకునే మనిషి. కాసేపటికి బకెట్ నా చేతికిచ్చి లోపలికి పోయింది. పోసింది నేనే. తర్వాత రోజుల్లో కూడా ఆ పని నాదే అయింది.

పక్కింటి వదిన, "మూడు చన్నుల పాలు తెల్లగానే ఉన్నాయి కదా, కేన్‌లో కలిస్తే ఎవరికి తెలుస్తుందే?" అంది. చెడ్డది కాదు ఆమె, మా మీద జాలితోనే అంది. నేను మూడు రోజులు అలా పోసే ఉన్నాను కాబట్టి ఆమెకు నీతులు చెప్పలేకపోయాను. ఈసారి మాత్రం పోయలేదు.

ఆ వదినే ఇంకో సంగతి చెప్పింది, అది పనికొచ్చింది. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి పొదుగుకు పట్టించడం. ఎన్‌డీడీబీ, అంటే జాతీయ పాడి అభివృద్ధి బోర్డు వాళ్లు రైతులకు చెప్తున్న పద్ధతే అది. సారును అడిగితే వాడుకో, మందులు మాత్రం ఆపవద్దు, పుండున్న చోట సున్నం తగలనీయవద్దు అన్నారు. రోజుకు పదిసార్లు పట్టించాలి, ప్రతిసారీ కడిగి మళ్లీ. రోజంతా ఇదే పని. వారం రోజులు నా చేతులు పచ్చగా ఉన్నాయి. వాపు తగ్గింది. మందుల వల్లనా దీనివల్లనా అంటే చెప్పలేను, రెండూ నడుస్తున్నాయి.

18వ తేదీ సోమవారం సీసాను ఐస్ ముక్కలతో థర్మాస్‌లో పెట్టుకుని నేనే నల్లగొండ ల్యాబ్‌కు పోయాను. మా ఆయన పోతే చార్జీ, నాకైతే బస్సులో జీరో టికెట్. బస్సులో పక్కన కూర్చున్న ముసలామె "ఏం బిడ్డా, దవాఖానలో ఎవరున్నారు, పాలు తీస్కపోతున్నవా?" అని అడిగింది. ఆవు పాలు, పరీక్షకు అంటే నమ్మలేదు.

రిపోర్ట్ 21న వచ్చింది. స్టెఫైలోకాకస్ అని బ్యాక్టీరియా పేరు రాసి, కింద మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా 'ఎస్' లేదా 'ఆర్'. ఎస్ అంటే పని చేస్తుంది, ఆర్ అంటే చేయదు. ఈలోగా మొదటి రోజు సూది సీసా దొరికింది. మా చిన్నోడు ఆట సామాన్లలో దాచుకున్నాడు. దాని మీద ఆక్సీటెట్రాసైక్లిన్ అని యాంటీబయాటిక్ పేరు ఉంది. రిపోర్ట్‌లో దాని ఎదురుగా ఆర్. అంటే పన్నెండు వందలు పెట్టి, పని చేయని మందు వేయించి, దాన్నీ మధ్యలో ఆపాం. మరి 13వ తేదీన పాలు తెల్లగా ఎందుకొచ్చాయి అని సారును అడిగాను. ఆ రెండో సూది నొప్పికీ వాపుకూ అయ్యుండొచ్చు, దాంతో పైపైన తగ్గినట్టు కనిపిస్తుంది, లోపలిది అలాగే ఉంటుంది అన్నారు.

21 నుంచి మందు మార్చి ఇంకో ఐదు రోజులు వేశారు. ఆ మందు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే దుకాణంలో అదే అడిగి తెచ్చుకుంటారు, మీ ఆవు రిపోర్ట్‌లో దాని ఎదురుగా ఆర్ ఉండొచ్చు.

25న మందులు ఆగాయి, ఇంకో నాలుగు రోజులు పాలు గుంతకే. 27న వినాయక చవితికి కూడా మా ఇంట్లో పాయసం బర్రె పాలతోనే. 30వ తేదీ శనివారం, కేంద్రంలో ముందే చెప్పి, పరీక్ష చేయించి పాలు పోశాం. పదిహేను రోజుల్లో పారబోసింది క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను, 131 లీటర్లు. అప్పుడు మాకు లీటరుకు 38 పడేది, దాదాపు ఐదు వేలు. మందులకు మొదట 1,200, తర్వాత 2,350, రిపోర్ట్ వచ్చాక 2,900, చన్నులు ముంచే అయోడిన్ మందు, కప్పు 420. మొత్తం పన్నెండు వేలకు కొంచెం తక్కువ. నిజం చెప్పాలంటే ఖర్చు అక్కడితో ఆగలేదు. ఎడమ వెనక చన్ను మళ్లీ పాలకు రాలేదు. ఆ వైపు పొదుగు ముడుచుకుపోయింది, లోపల గట్టిగా తగులుతుంది. ఇప్పుడు బొల్లావు పదకొండు లీటర్లు ఇస్తోంది, మూడు చన్నులతో.

ఎర్రావుకు సూదులేమీ వేయలేదు. దాన్ని చివర్లో పిండడం, చేతులు కడుక్కోవడం, పిండగానే చన్నులు అయోడిన్‌లో ముంచడం. పిండిన తర్వాత అరగంట దాకా చన్ను రంధ్రం మూసుకోదట, అందుకని ఆ టైముకు పచ్చగడ్డి వేస్తాను, పడుకోకుండా నిలబడి తింటాయి. గుడ్డను పొయ్యిలో వేశాను. పాత చీర చింపి ఒక్కో పశువుకు రెండేసి ముక్కలు చేసి, రోజూ ఉడకబెట్టి ఆరేస్తున్నాను. సెప్టెంబర్ 19న సారు మళ్లీ పళ్లెం పెట్టి చూస్తే ఎర్రావు పాలు జిగట కట్టలేదు. ఆ రోజు నేను ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.

ఇప్పుడు మొదటి ధారలు నేల మీదకు కొట్టను. పాత గొడుగు నల్లగుడ్డ ఒక గ్లాసు మూతికి కట్టి, దాని మీద పిండి చూస్తాను. చిన్న ముక్క ఉన్నా నలుపు మీద తెల్లగా ఆగిపోతుంది.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఒక బేరగాడు వచ్చాడు. ఎవరో చెప్పారట. పొదుగు కింద చెయ్యి పెట్టి తడిమి, "మూడు చన్నుల ఆవుకు ముప్పై వేలు ఎక్కువ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "చాయ్ తాగి పో నాయినా" అంది. తాగి పోయాడు.

అంతకు ముందు రోజే బొల్లావు ఎదకు వచ్చింది. ఊర్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిచి కట్టు సూది వేయించాం. కట్టు నిలిస్తే జూలైలో ఈనుతుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేసేటప్పుడు మిగతా మూడు చన్నుల్లోకి ట్యూబులు ఎక్కించాలని సారు ఇప్పుడే చెప్పి పెట్టారు. ఎండిన చన్ను తర్వాతి ఈతకు పాలకు వస్తుందా అని అడిగితే, కొన్నిటికి వస్తుంది, దీనికి ఆశ పెట్టుకోవద్దమ్మా అన్నారు. అత్తమ్మ మాత్రం నాలుగు చన్నులూ పారితే మొదటి వెన్న చెర్వుగట్టు రామలింగేశ్వరునికే అని మొక్కుకుంది.